చర్య ముగిసిందని ఎలా తెలుస్తుంది? ఆమ్ల క్షారాలపై మా ప్రాజెక్టు డైరీ

ఆమ్లం, క్షారం కలిస్తే లవణమూ నీరూ ఏర్పడతాయన్న వాక్యం పదో తరగతి పిల్లలందరికీ కంఠతా వచ్చు. హన్మకొండలో పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు వైజ్ఞానిక ప్రదర్శనకు ఈ అంశాన్నే ఎంచుకున్నప్పుడు, ఆ వాక్యాన్ని చార్టు మీద అందంగా రాసి, పక్కన రెండు లిట్మస్ కాగితాలు అంటించి పంపడం నాకు రుచించలేదు. ఆమ్లంలో క్షారాన్ని బొట్టు బొట్టుగా కలుపుతూ పోతే, చర్య సరిగ్గా ఎక్కడ ముగిసిందో చెప్పగలిగేది ఏమిటన్న ప్రశ్న చుట్టూ ప్రాజెక్టు నడపాలని ఇద్దరం అనుకున్నాం. "రంగు మారిందంటే అయిపోయినట్టే కద మామా?" అని ఆమె మొదటి రోజే అడిగింది. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి రంగుతో పాటు వేడినీ, విద్యుత్తునూ కూడా సాక్ష్యానికి పిలిచాం. వాళ్ల బడి ప్రయోగశాల నుంచి బ్యూరెట్టు (ద్రావణాన్ని బొట్టు బొట్టుగా వదిలే కొలత గొట్టం), పిపెట్టు, శంఖాకార కుప్పెలు, కొన్ని రసాయనాలు టీచరు గారి అనుమతితో తెచ్చుకున్నాం. మిగిలినవన్నీ బజారులో దొరికేవే.

ఆదివారం: ద్రావణాలు

ముందుగా కాస్టిక్ సోడా ద్రావణం తయారు చేశాం. సోడియం హైడ్రాక్సైడ్ అణుభారం 40 కాబట్టి లీటరు నీటిలో 4 గ్రాములు కరిగిస్తే 0.1 మోలార్ ద్రావణం రావాలి (అణుభారమన్ని గ్రాములు ఒక మోలు, లీటరుకు ఒక మోలు ఉంటే ఒక మోలార్). అయితే ఈ తెల్లని బిళ్లలను మూత తీసి తూచేలోపే అవి గాలిలోని తేమను పీల్చుకుని చెమట పట్టినట్లు అవుతాయి, కార్బన్ డయాక్సైడును కూడా పట్టుకుని పైపైన సోడియం కార్బొనేటుగా మారతాయి. అందుకని తూకం మీద వచ్చిన గాఢతను ఎవరూ ప్రమాణంగా తీసుకోరు. గాలిలో మారని ఆమ్లంతో దాన్ని సరిచూడాలి. దీనికి ఆక్జాలిక్ ఆమ్లపు స్ఫటికాలు చక్కగా సరిపోతాయి. స్ఫటిక జలంతో కలిపి వాటి అణుభారం 126. లీటరుకు 6.3 గ్రాములు వేస్తే 0.05 మోలార్, కానీ ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది కనుక అది 0.1 మోలార్ క్షారానికి సరిసమానంగా పనిచేస్తుంది. పది మి.లీ. ఆక్జాలిక్ ఆమ్లానికి మా క్షారం 10.4 మి.లీ. పట్టింది. అంటే సీసా మీద రాయవలసినది 0.1 కాదు, 0.096. సీసాకు ఆ అంకెనే అంటించాం.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. బాత్రూములు కడగడానికి వీధుల్లో అమ్మే యాసిడ్ కూడా ఇదే ఆమ్లమైనా, దాని గాఢత సీసా సీసాకూ మారుతుంది, ఇనుము వంటి మలినాల వల్ల పసుపుగా కనిపిస్తుంది, పిల్లల చేతికి ఇవ్వవలసిన వస్తువు అసలే కాదు. ప్రయోగశాలలోని గాఢ ఆమ్లాన్ని టీచరు గారే సుమారు 8.5 మి.లీ. కొలిచి, లీటరు నీటిలో కలిపి ఇచ్చారు. ఎప్పుడైనా నీటిలో ఆమ్లం పోయాలే తప్ప ఆమ్లంలో నీరు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ప్రయోగాలు చేసే మేడ మీదికి రావద్దన్న షరతు నాకూ వర్తించింది. ద్రావణాలన్నిటికీ బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడాం.

మంగళవారం సాయంత్రం: సూచికలు

సూచికలంటే ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో మరో రంగు చూపే పదార్థాలు. ఇంట్లో దొరికేవాటితో మొదలుపెట్టాం. నిజామాబాదు పసుపును స్పిరిటులో నానబెట్టి వడగట్టిన ద్రావణం ఆమ్లంలోనూ మామూలు నీటిలోనూ పసుపుగానే ఉంటుంది. పీహెచ్ (7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం అని చెప్పే కొలత) 7.4 దాటాక మారడం మొదలై 8.6 వచ్చేసరికి ముదురు ఎరుపు అవుతుంది. ఇది మన ఇళ్లలో ఏనాటి నుంచో జరుగుతున్న ప్రయోగమే. దిష్టి తీయడానికి పళ్లెంలో కలిపే ఎర్ర నీళ్లు పసుపు, సున్నం, నీరు తప్ప మరేమీ కావు. మా అమ్మ తమలపాకుల డబ్బాలోని సున్నాన్ని గోటితో చిదిమి పసుపు నీళ్లలో కలిపి, రంగు తిరిగాక పళ్లెం మనవరాలి చేతికిచ్చింది. ఆమె అందులో నిమ్మకాయ పిండింది. రసం పడిన చోట ఎరుపు విరిగి పసుపు చారలు పాకాయి, కలియబెట్టగానే పళ్లెమంతా మళ్లీ పసుపుగా మారింది. మళ్లీ సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. ఆమ్ల క్షార చర్యను ముందుకూ వెనక్కూ నడిపించవచ్చని ఇంత తేలికగా చూపే సాధనం మరొకటి నాకు కనబడలేదు, అందుకే ప్రదర్శన బల్ల మీద మొదట దీన్నే పెట్టాలని నిర్ణయించాం.

ప్రహరీ గోడ మీద పాకిన శంఖపుష్పాలను వేడి నీటిలో వేస్తే నీలి ద్రావణం వచ్చింది. ఆమ్లంలో అది ఊదా, గులాబీ రంగులకు, క్షారంలో ఆకుపచ్చకు, క్షారం బాగా ఎక్కువైతే పసుపు వైపుకు పోతుంది. చూపరులను ఆకట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. కొలవడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే మార్పు మెల్లగా, చాలా వెడల్పుగా జరుగుతుంది. ఏ బొట్టు దగ్గర ఆపాలో కన్ను తేల్చుకోలేదు.

కొలతకు రెండు ప్రయోగశాల సూచికలను ఎంచుకున్నాం. ఫినాఫ్తలీన్ పీహెచ్ 8.2 వరకు రంగు లేకుండా ఉండి 10 చేరేలోపు గులాబీ రంగుకు వస్తుంది. మిథైల్ ఆరెంజ్ 3.1 కింద ఎరుపు, 4.4 పైన పసుపు. రెండింటిలో ఏదీ తటస్థ స్థానమైన 7 దగ్గర మారదన్న సంగతిని నోటుపుస్తకంలో గీత గీసి రాసుకోమన్నాను. ఈ ప్రాజెక్టు అంతా ఆ గీత మీదే నడిచింది.

శనివారం: బలమైన జంట, బలహీనమైన జంట

కుప్పెలో 10 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్, అడుగున తెల్లకాగితం. బ్యూరెట్టు నుంచి క్షారం పడిన చోట ప్రతిసారీ గులాబీ మెరుపు వచ్చి, కుప్పెను తిప్పగానే మాయమవుతుంది. మొదట్లో ఆ మెరుపు పుట్టీ పుట్టకముందే పోతుంది, తరువాత కొంచెం ఆగి పోతుంది, చివరికి ఒక్క బొట్టు మొత్తం ద్రావణాన్ని లేత గులాబీగా మార్చి అలాగే ఉంచుతుంది. అరనిమిషం పాటు రంగు నిలిస్తే కొలత రాసుకోవాలి. ఇంకాసేపు వదిలేస్తే అది వెలిసిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు నీటిలో కరిగి ఆ కాస్త అదనపు క్షారాన్నీ తినేయడమే దానికి కారణం, కొలత తప్పినట్లు కాదు.

ఇదే ప్రయోగాన్ని మిథైల్ ఆరెంజ్‌తో చేసినప్పుడు దాదాపు అదే అంకె వచ్చింది. మేనకోడలికి ఇది వింతగా తోచింది. ఒకటి 4 దగ్గర, మరొకటి 9 దగ్గర మారుతున్నప్పుడు రెండూ ఒకే చోట ఆగడం ఎలా? లెక్క వేయించాను. ఆమ్లమూ క్షారమూ రెండూ బలమైనవైనప్పుడు, అంటే నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేవైనప్పుడు, ఒకదానికొకటి సరిగ్గా సరిపోయే సమాన బిందువుకు ఒక్క బొట్టు ముందు ద్రావణపు పీహెచ్ 4 కన్నా తక్కువ, ఒక్క బొట్టు తరువాత 10 కన్నా ఎక్కువ. రెండు సూచికల పరిధులూ దాదాపు మొత్తంగా ఆ ఒకటి రెండు బొట్ల మధ్యే ఇమిడిపోయాయి. ఈ ఒక్క జంటకు మాత్రం ఆమె మొదటి రోజు అన్న మాట నిజం.

తరువాత వెనిగర్. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 4 శాతం అని ఉంది. దాన్ని పదింతలు పలుచన చేసి, 10 మి.లీ. తీసుకుని ఫినాఫ్తలీన్‌తో కొలిస్తే 7.1 మి.లీ. క్షారం పట్టింది. లెక్క కడితే లీటరుకు 41 గ్రాముల చొప్పున తేలింది కనుక సీసా మీది మాట సరైనదే. అదే నమూనాను మిథైల్ ఆరెంజ్‌తో చేస్తే రెండు మి.లీ. దాటీ దాటగానే పసుపు రంగు వచ్చేసింది. అంటే మూడింట రెండు వంతుల ఆమ్లం కుప్పెలో ఇంకా మిగిలి ఉండగానే సూచిక పని పూర్తయిందని ప్రకటించింది.

ఇందులో సూచిక తప్పేమీ లేదు. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది. నీటిలో దాని అణువుల్లో చాలా కొద్ది భాగమే అయాన్లుగా విడిపోతుంది. క్షారం కలుస్తున్నకొద్దీ సోడియం ఎసిటేటు పోగవుతుంది, అది మిగిలిన ఆమ్లం అయాన్లుగా విడిపోవడాన్ని ఇంకా అణచిపెడుతుంది, అందువల్ల పీహెచ్ 4 నుంచి 5 మధ్య చాలాసేపు నిదానంగా కదులుతుంది. ఇక ఆమ్లమంతా అయిపోయిన బిందువు దగ్గర కూడా ద్రావణం తటస్థంగా ఉండదు. ఎసిటేటు అయాన్ నీటి నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రాక్సైడును వదులుతుంది కనుక మా కుప్పెలో పీహెచ్ సుమారు 8.7 ఉండాలని లెక్క చెబుతోంది. ఆమ్లం, క్షారం ఒకదానినొకటి పూర్తిగా ఖర్చు చేసుకున్న తరువాత మిగిలింది క్షార స్వభావం గల ఉప్పునీరు. ఏ సూచిక వాడాలన్నది కుప్పెలో ఉన్న జంటను బట్టి నిర్ణయించాలి. చాలా చార్టుల మీద రాసే "తటస్థీకరణం అంటే పీహెచ్ 7" అన్న వాక్యాన్ని మేము మా చార్టు నుంచి తీసేశాం.

వరంగల్ కొత్తవాడలో దుర్రీలు నేసే ఇళ్ల మీదుగా వచ్చినప్పుడు రంగు నూలు గుర్తుకు వచ్చి ఒక మాట రాసుకున్నాను. నూలు క్షారాన్ని బాగానే తట్టుకుంటుంది కాని హైడ్రోక్లోరిక్ వంటి ఖనిజామ్లం తగిలితే దారం పుచ్చిపోతుంది. అందుకే క్షారంలో రంగు వేసిన నూలులో మిగిలిపోయిన క్షారాన్ని తీయవలసినప్పుడు హైడ్రోక్లోరిక్ జోలికి పోకుండా ఎసిటిక్ ఆమ్లం వంటి బలహీనమైన దానిని వాడడం అద్దకపు పనిలో పద్ధతి.

ఆదివారం ఉదయం: వేడి

రంగు సాక్ష్యం సూచికను బట్టి మారుతోంది కాబట్టి సూచిక అక్కరలేని సాక్షిని వెతకవలసి వచ్చింది. టీ కొట్టు నుంచి తెచ్చిన థర్మోకోల్ కప్పులో ఒక మోలార్ ఆమ్లం 50 మి.లీ., అంతే గాఢత గల క్షారం 50 మి.లీ. కలిపి, 0.1 డిగ్రీ వరకు చూపే డిజిటల్ థర్మామీటరు పెట్టాం. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడు ఒక మోలు నీరు ఏర్పడడానికి సుమారు 57 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. మా పరిమాణాలకు 6.8 డిగ్రీలు పెరగాలి, 6.2 పెరిగింది. మిగతాది కప్పుకూ గాలికీ పోయింది.

కాస్టిక్ సోడాకు బదులు పొటాషియం హైడ్రాక్సైడు వాడితే కూడా అంతే పెరిగింది. ఏ క్షారమైనా, ఏ ఆమ్లమైనా బలమైనవైతే చాలు, వేడి ఒక్కటేనన్న సంగతి 19వ శతాబ్దంలోనే తెలిసినా, ఎందుకన్నదానికి స్వాంటే అరీనియస్ 1884లో ముందుకు తెచ్చిన అయాన్ల ఊహ వల్ల సమాధానం దొరికింది. సోడియం, పొటాషియం, క్లోరైడు అయాన్లు చర్యకు ముందు ఎలా ఉన్నాయో తరువాత కూడా నీటిలో అలాగే ఉంటాయి. నిజంగా కలిసేవి హైడ్రోజన్ అయాన్, హైడ్రాక్సైడ్ అయాన్ మాత్రమే. ఏ జంట తెచ్చినా జరుగుతున్నది ఆ ఒక్క చర్యే.

ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. కాస్టిక్ సోడా బిళ్లలు నీటిలో కరగడంలోనే మోలుకు 44 కిలోజౌళ్లకు పైగా వేడి వస్తుంది. ద్రావణం చేసి, అది గది ఉష్ణోగ్రతకు దిగేవరకు ఆగకపోతే రెండు వేడులూ కలిసిపోయి అంకె అర్థం లేకుండా పోతుంది. వెనిగర్‌తో కూడా చేసి చూశాం. బలహీన ఆమ్లాన్ని విడదీయడానికి కొంత శక్తి పోతుంది కాబట్టి వేడి కాస్త తగ్గాలి, కానీ ఆ తేడా మా కప్పు నుంచి పోయే వేడి కన్నా చిన్నది. కొలవలేనిదాన్ని చార్టు మీద రాయకూడదని ఆ వరుసను వదిలేశాం.

వారం మధ్యలో: టీడీఎస్ మీటరు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. వాటర్ ప్లాంట్ల వాళ్లు జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు నిజానికి కరిగిన లవణాలను తూచదు. నీటి గుండా విద్యుత్తు ఎంత పారుతుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి చూపుతుంది. కనుక దాన్ని చౌకైన వాహకత మీటరుగా వాడుకోవచ్చు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పదింతలు పలుచన చేసి 100 మి.లీ. గాజు గ్లాసులో పోసి మీటరు ముంచితే అంకె రెండు వేలు దాటింది. ఒక్కో మి.లీ. క్షారం కలిపి, గాజు కడ్డీతో తిప్పి, అంకె నిలబడ్డాక రాయడం మేనకోడలి పని. ప్రతి మి.లీ.కి సుమారు 150 చొప్పున దిగుతూ పోయింది. "ఉప్పు పెరుగుతుంటే అంకె తగ్గుతుందేంది మామా?" అని ఆమె ఆగిపోయింది. తగ్గాలి బిడ్డా అని కారణం చెప్పాను. నీటిలో హైడ్రోజన్ అయాన్ విద్యుత్తును మోసే సామర్థ్యం 350 అనుకుంటే సోడియం అయానుది 50 మాత్రమే. కలిపిన ప్రతి బొట్టూ చురుకైన ఒక హైడ్రోజన్ అయాన్‌ను నీటిగా మార్చి, దాని చోట నిదానస్తుడైన సోడియాన్ని పెడుతోంది. పది మి.లీ. దాటిన కాసేపటికి అంకె ఐదు వందల పైచిలుకుకు చేరి, తరువాతి మి.లీ. నుంచి పైకి తిరిగింది, ఎందుకంటే ఖర్చు కాకుండా మిగులుతున్న హైడ్రాక్సైడు అయాన్ కూడా చురుకైనదే, దాని సామర్థ్యం సుమారు 198. గ్రాఫు కాగితం మీద రెండు సరళరేఖలు గీస్తే అవి కలిసిన చోటు ఫినాఫ్తలీన్ చూపిన కొలతకు 0.1 మి.లీ. తేడాతో సరిపోయింది. ఇక్కడ రంగూ లేదు, సూచికా లేదు.

వెనిగర్‌తో గ్రాఫు వేరే ఆకారంలో వచ్చింది. మొదటి అంకె వందలోపే, ఎందుకంటే అయాన్లు తక్కువ. క్షారం కలిపినకొద్దీ సోడియం ఎసిటేటు వల్ల అంకె మెల్లగా పైకి పోయి, ఆమ్లం అయిపోయిన చోట ఒక్కసారిగా ఏటవాలు పెరిగింది. మొదటి గ్రాఫు లోయలా ఉంటే, ఇది మలుపు తిరిగిన బాటలా ఉంది. మలుపు మళ్లీ ఫినాఫ్తలీన్ చెప్పిన చోటే ఉంది, మిథైల్ ఆరెంజ్ చెప్పిన చోట ఏ మలుపూ లేదు. రెండు సూచికల తగవును మీటరు ఇలా తీర్చింది.

శనివారం, ఆదివారం: సౌడు మట్టి, బోరు నీళ్లు

జనగామ వైపు చుట్టాల చెలక పక్కన తెల్లగా పొంగిన సౌడు మట్టి ఉంది. సబ్బులు అందుబాటులో లేని రోజుల్లో బట్టల మురికి వదిలించడానికి దీన్నే వాడేవారు. పిడికెడు మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేటను వడగట్టి, ఫినాఫ్తలీన్ వేస్తే గాఢమైన గులాబీ రంగు వచ్చింది. ఆమ్లం పోస్తే బుసబుస పొంగింది. కార్బొనేటు ఉన్నదనడానికి ఇది చాలు, కానీ ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ఒకే కుప్పెలో రెండు సూచికలను ఒకదాని తరువాత ఒకటి వాడాలి. గులాబీ రంగు పోయే వరకు కలిపిన ఆమ్లం కార్బొనేటును బైకార్బొనేటుగా మారుస్తుంది, అప్పుడు మిథైల్ ఆరెంజ్ వేసి రంగు తిరిగేవరకు కలిపినది బైకార్బొనేటును కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. మట్టిలో కార్బొనేటు మాత్రమే ఉంటే రెండు అంకెలూ సమానంగా రావాలి. మాకు మొదటిది 3.2, రెండవది 5 మి.లీ. వచ్చాయి. ఆ తేడా మొదటి నుంచీ ఉన్న బైకార్బొనేటుది. వెనిగర్ దగ్గర మోసం చేసినట్లు కనిపించిన మిథైల్ ఆరెంజే ఇక్కడ తప్పనిసరి అయింది.

మా బోరు నీళ్లకు కూడా ఇదే పద్ధతి. ఫినాఫ్తలీన్ వేస్తే రంగు రాలేదు కనుక అందులో కార్బొనేటు లేదు, ఉన్నదంతా బైకార్బొనేటే. 50 మి.లీ. నీటికి 0.02 మోలార్ ఆమ్లం 17.6 మి.లీ. పట్టింది. కాల్షియం కార్బొనేటు లెక్కలో చెబితే లీటరుకు 352 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణాలు వాంఛనీయ పరిమితిని 200గా, వేరే వనరు లేనప్పుడు అనుమతించే పరిమితిని 600గా పెట్టాయి. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీటికి 6.1 మి.లీ.లే సరిపోయింది, అంటే 122. "బోరు నీళ్లల్ల పప్పు ఉడకదు" అనే మా అమ్మ మాటకు ఇదే రుజువని మేనకోడలు చార్టు మీద రాయబోయింది. ఆపాను. పప్పును ఉడకనివ్వనిది ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం. మేము కొలిచింది బైకార్బొనేటును. రెండూ తరచుగా కలిసే ఉంటాయి కానీ ఒకదాని కొలత మరొకదానికి రుజువు కాదు.

మిగిలిన ఆమ్ల, క్షార ద్రావణాలను విడివిడిగా పారబోయకుండా ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, పీహెచ్ కాగితంతో చూసి, బాగా నీరు పోసి మోరీలో వదిలాం.

ప్రదర్శనకు ముందు చేయవలసినది ఒకటి ఉంది. సౌడు తేటను టీడీఎస్ మీటరుతో కూడా పరీక్షించాలి. అందులో చర్యతో సంబంధం లేని లవణాలు ముందే చాలా ఉన్నందువల్ల మీటరు అంకె మొదటే ఎక్కువగా ఉండి, వంపులు పైకి కనిపించకుండా పోయే అవకాశం ఉంది. ఇరవై ఇంతలు పలుచన చేసి, ఆమ్లాన్ని అర మి.లీ. చొప్పున కలుపుతూ చూడాలని అనుకుంటున్నాం. అప్పటికీ వంపు తేలకపోతే సౌడు మట్టికి రంగు సాక్ష్యంతోనే సరిపెట్టుకుంటాం.